కూసో బేటా

కాటారం దగ్గర ఒక రైతు పొలంలో వరికి ఏ తెగులు పట్టిందో చూస్తుంటే చెల్లె ఫోన్ చేసింది.

"అక్కా, ఖాలా పోయిందట. పొద్దుగాల గుండెపోటు వచ్చిందంటున్రు."

పీకిన వరికర్ర చేతిలో పట్టుకొని గట్టు మీద అట్లనే నిలబడ్డ. పక్కన రైతు నా మొహం చూసి, "ఏంది మేడం, రోగం గంత ముదిరిందా?" అని భయపడ్డడు. కాదని తలూపిన. ఆయనకు కొట్టాల్సిన మందు చెప్పి, ఆఫీసులో సెలవు అడిగి, దొరికిన బస్సెక్కిన. కాటారం నుంచి మరిపెడ అంటే దగ్గర దారి కాదు. ఎంత తొందరపడ్డా ఆమె మొహం చూడలేనని బస్సులో కూసున్నప్పుడే తెలుసు.

ఖాలా మాకు చుట్టం కాదు. మరిపెడలో నేను ఇంటర్ చదివిన కాలేజీ ఎదురు సందులో ఆడపిల్లల బట్టలు కుట్టేది. ఆమె పేరు నాకు తెలుసు గని ఏనాడూ ఆ పేరుతో పిలవలే. ఖాలా అంటే వాళ్ళలో పిన్నమ్మ. హాస్టల్ పిల్లలందరికీ ఆమె ఖాలానే.

మంచి మనిషి అంటే మెత్తగ మాట్లాడాలె అనుకునేవాళ్ళకు ఆమె నచ్చకపోయేది. నోరు చెడ్డది. రేపు ఇస్తనన్న బట్ట ఏ రోజూ రేపు ఇయ్యలే. గట్టిగ అడిగితే, "రేపు నీ పెండ్లా?" అని ఎదురు అరిచేది. పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకొని, వాటి సందుల్లోంచే తిట్టేది. సూదులు నోట్లో ఉన్నంతసేపు మాకు భయం లేకపోయేది, నవ్వుకునేవాళ్ళం. కాని ఒక్కొక్క సూదే తీసి దుపట్టా అంచుకు గుచ్చుకుంటుందంటే అసలు మాట ఇప్పుడు వస్తదని అర్థం. అప్పుడు ఎంత వాగే పిల్లయినా చుప్ అయిపోయేది.

కొలతలు ఎక్కడా రాసుకునేది కాదు. ఒక్కసారి టేపు పెట్టిందంటే ఆ పిల్ల నడుమెంతో భుజమెంతో ఏడాది దాకా యాదికుండేది. టేపు బిగించేటప్పుడు టేపు దిక్కు చూడకుండ మన మొహం చూసేది. నాకు అది ఇబ్బందిగ ఉండేది.

ఇంకో అలవాటు. ఎవ్వరినీ ఎట్లున్నవ్ అని అడగకపోయేది. ఏం తిన్నవ్ అనే అడిగేది. నేనొకసారి, "అందరు ఎట్లున్నవ్ అంటరు, నువ్వేంది ఖాలా తిండి సంగతే అడుగుతవ్?" అన్న.

"ఎట్లున్నవ్ అంటే అందరు మంచిగున్న అనే అంటరు బేటా. ఏం తిన్నవ్ అంటే అబద్ధం చెప్పనీకి జర ఆలోచన చెయ్యాలె. గా ఆలోచన చేసేది నాకు కనపడ్తది."

మాది మరిపెడ దగ్గర తండా. పదో తరగతిలో మా తండాలో ఎవరికీ రానన్ని మార్కులు నాకొచ్చినయి. తండా మూలమలుపు దగ్గర నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టిన్రు. కాలేజీవాళ్ళే వచ్చి, ఇంజినీరింగ్ సీటు మాది పూచీ అని చెప్పి, హాస్టల్లో చేర్చుకున్నరు. మా యాడి, అంటే అమ్మ, ఆ రోజు ఇల్లిల్లూ తిరిగి చక్కెర పంచింది.

హాస్టల్లో తెల్లారకముందే లేపేవాళ్ళు. ప్రతి ఆదివారం పరీక్ష. సోమవారం మధ్యాహ్నం బోర్డు మీద పేర్లు అంటించేవాళ్ళు. ఆ పేర్ల వరుసను బట్టే సెక్షన్ మారేది. మొదటి సెక్షన్ నుంచి రెండో దానికి పోయే పిల్ల తన పుస్తకాలు ఎత్తుకొని అందరి ముందు నుంచే నడిచిపోవాలె. చేరిన రెండు నెలలకే ఆదివారం వస్తుందంటే నా చేతులు చల్లబడేవి. జవాబు దిద్దే కాగితం చెమటకు తడిసి నల్లటి చుక్కలు అలుక్కుపోయేవి. గుండె చప్పుడు పక్క బెంచీ పిల్లకు వినపడ్తదేమోనని చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. తెలిసిన లెక్క కూడ కండ్ల ముందే కొత్తదైపోయేది.

వార్డెన్ మేడంకు చెప్పిన. "ఏకాగ్రత లేదు నీకు, ధ్యాస అంతా ఎటో ఉంది" అన్నది. ఇంటికి వారానికి ఒక్కసారి ఫోన్. వెనుక ఇంకో పది మంది వరుసలో నిలబడి ఉంటరు. బాపు, "ఎట్లున్నవ్ బిడ్డా?" అంటడు. "మంచిగున్న" అంట. ఇంకేం చెప్తం? సెలవులకు ఇంటికి పోతే మూలమలుపు దగ్గర ఫ్లెక్సీలో నేనే నవ్వుకుంట కనపడేదాన్ని. దాని ముందు నుంచి తల దించుకొని పోయేదాన్ని.

చలికాలం వచ్చేసరికి ఆ భయం కూడ పోయింది. పోయి మంచిగ కాలే, దాని జాగల ఏమీ లేకుండ అయింది. ఏడుపు రాదు, నవ్వు రాదు, అన్నం ముందు పెడితే అది తినేదని గుర్తుకు రాదు. నాలో ఎవరో లైట్లన్నీ తీసేసి పోయినట్టు ఉండేది. పిల్లలు ఆకలి లేదా అని అడిగితే గ్యాస్ట్రిక్ అని చెప్పిన.

యూనిఫాం వదులైందని ఖాలా దగ్గరికి పోయిన. సూదులు నోట్లోంచి తీసింది.

"మూడు నెల్లల్ల రెండోసారి బేటా. నా కుట్టు తప్పా, నువ్వు తప్పా? అన్నం పెడ్తలేరా ఆడ?"

"పెడ్తున్రు."

"తింటున్నవా?"

"తింటున్న."

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

ఎంత ఆలోచించినా నాకు యాదికి రాలే. ఆమె అట్లనే చూసింది. బట్ట బిగించి ఇస్తూ, "వచ్చే సోమవారం రా. పని లేకున్నా రా" అన్నది. నేను పోలే.

మళ్ళీ పోయింది ఎండలు మొదలైనప్పుడు, పరీక్షలకు ఇంకా నెల ఉన్నదనగా. ఆ సోమవారం బోర్డు మీద నా పేరు మూడో సెక్షన్లో ఉంది. నేను పుస్తకాలు ఎత్తుకోలే. నా పెట్టెలో ఉన్న రెండు మంచి డ్రెస్సులు కవర్లో పెట్టుకొని, వార్డెన్ మేడం దగ్గర గంటసేపటికి ఔట్‌పాస్ రాయించుకొని ఖాలా దుకాణానికి పోయిన. అప్పుడు నా మనసు చాలా నిమ్మళంగ ఉంది. ఇప్పుడు తల్చుకుంటే ఆ నిమ్మళానికే నాకు వణుకొస్తది.

"ఇవి మా చెల్లె సైజుకు చెయ్ ఖాలా. దాని ఎత్తు నా భుజం దాకా వస్తది. మా బాపు వచ్చినప్పుడు ఇయ్యి."

"కొత్తవి కదనే ఇవి. నువ్వేం వేసుకుంటవ్?"

"నాకేం అవసరం లేదు."

మిషన్ ఆగింది. సూదులు ఒకటి, రెండు, మూడు, నాలుగు, దుపట్టాకు గుచ్చుకున్నది.

"కూసో బేటా."

"టైం లేదు ఖాలా."

"ఈ జాకెట్‌కు హుక్కులు కుట్టాలె, జాకెట్ ఇచ్చినామె వచ్చి కూసుంటది. నాకు కండ్లు సరిగ కనపడ్తలేవ్. ఒక్క రెండు కుట్టి పో."

కూసున్న. హుక్కులు కుట్టిన. అయిపోగానే గుండీల డబ్బా ముందు పోసి, తెల్లవి వేరే తియ్యమన్నది. తీసిన. పాత లంగా ఒకటి ఇచ్చి అంచు విప్పమన్నది. ఆ లంగా ఎవరిదీ కాదని, విప్పే పని కూడ లేదని నాకు తెలుస్తనే ఉంది. లేచిన. ఆమె కుర్చీ జరిపి తలుపుకు అడ్డంగ కూసున్నది.

"ఔట్‌పాస్ అయిపోతది ఖాలా. తిడ్తరు."

"తిట్టనీ."

"నన్ను పోనీ."

"ఏడికి?"

బయట ఎండ. ఎదురు జిరాక్స్ దుకాణంలో మిషన్ చప్పుడు. ఆమె నా మొహంలోకి వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"చచ్చిపోవాలని ఉందా బేటా?"

అంత వరకు ఆ మాట నా నోటితో నేను కూడ అనుకోలే. ఇంకొకరి నోట్లోంచి, అదీ మామూలుగ, ఆకలైతుందా అన్నట్టు వినేసరికి లోపల ఏదో తెగింది. తలూపిన. ఎన్నో నెలలకు ఆ రోజు ఏడుపొచ్చింది.

ఖాలా అరవలే. అల్లా అనలే. నన్ను ఊకోమనలే. లేచి షట్టర్ సగానికి గుంజింది. మళ్ళీ కూసొని, సూదిలో దారం ఎక్కియ్యబోయింది. ఎక్కలే. మళ్ళీ, మళ్ళీ చూసింది. ఆఖరికి సూది నా చేతిలో పెట్టింది.

"నువ్వు ఎక్కియ్. నా చేతులు వణుకుతున్నయ్. నాకు భయమైతుంది బేటా. అయినా నువ్వు ఈడనే ఉంటవ్. బాపు నంబర్ చెప్పు."

"బాపుకు వద్దు ఖాలా. ఆయన మోయలేడు."

"మోస్తడు. నిన్ను చంకన మోసినోడే కదా. చెప్పు."

చెప్పిన. ఫోన్‌లో ఆమె ఒక్క ముక్కే అన్నది: "అన్నా, నేను కాలేజీ కాడ బట్టలు కుట్టేదాన్ని. బిడ్డ నా దగ్గరున్నది. బతికున్నది, మంచిగున్నది. చేస్తున్న పని ఇడిచి రా."

బాపుకంటే ముందు వార్డెన్ మేడం వచ్చింది. షట్టర్ కిందికి వంగి, "గంట అని చెప్పి మూడు గంటలైంది, లే, స్టడీ అవర్ నడుస్తుంది" అన్నది. నేను అలవాటు కొద్దీ లేవబోయిన. ఖాలా నా భుజం మీద చెయ్యి పెట్టి కూసోబెట్టింది.

"ఈ పిల్ల పాణం బాగలేదు. వాళ్ళ నాయిన వస్తుండు. ఆయన చేతుల్ల పెడ్త."

"పాణం బాగలేకపోతే మేం చూసుకుంటం. పరీక్షలప్పుడు అందరూ ఇట్లనే చేస్తరమ్మా, నాటకాలు. మా పిల్లను నువ్వు ఆపేదేంది? పోలీసులకు ఫోన్ చేస్త."

"చెయ్. వస్తె మంచిదే. నేనొక్కదాన్నే ఉన్న ఈడ, ఇంకో నలుగురైతం."

మేడం చాలాసేపు నిలబడింది. ఫోన్ మాత్రం చెయ్యలే. పోయేటప్పుడు నా దిక్కు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. ఆమెకు కూడ పైనుంచి ఎవరో అడిగేటోళ్ళు ఉన్నరని అప్పుడు నాకు తట్టలే.

బాపు మిరపతోటలోంచి ఉన్నపళంగ బండి మీద వచ్చిండు. చేతులు మోచేతుల దాకా ఎర్రగ ఉన్నయి. "జ్వరమా? పడ్డదా? ఎవడన్న ఏమన్న అన్నడా?" అని వరసగ అడిగిండు. ఖాలా ఆయన్ను పక్కకు పిలవలే. నా ముందే, నా చెయ్యి పట్టుకునే చెప్పింది. బాపుకు కాసేపు అర్థం కాలే. అర్థమైనంక నా దిక్కు తిరిగి, "నేనేం తక్కువ చేసిన బిడ్డా?" అన్నడు. కండ్లల్ల నీళ్ళు వచ్చినయి. తుడుచుకోబోయి ఆగిండు. చేతులకు మిరపకారం. అట్లనే రెండు చేతులూ దూరంగ పట్టుకొని, నీళ్ళు కారుతుంటే నిలబడ్డడు. ఖాలా కొత్త లైనింగ్ బట్ట చర్రున చింపి ఆయన మొహం తానే తుడిచింది. పరాయి మగమనిషి అని చూడలే.

"ఆ మాట ఇప్పుడు అడగకు అన్నా. తర్వాత అడుగు. ఆర్నెల్లైనంక అడుగు. ఇప్పుడు తిట్టకు, బుద్ధి చెప్పకు. తోటకు కొట్టే మందులు ఇంట్ల ఉన్నయా?"

"ఉన్నయ్."

"పొద్దు గూకకముందే ఇంకోళ్ళింట్ల పెట్టిరా. ఈమెను ఒక్కదాన్ని ఉంచకు. రేపు మానుకోట పెద్ద దవాఖానకు పోదాం, నేను గూడ వస్త."

మానుకోట అంటే మహబూబాబాదే, మేమంతా అట్లనే అంటం. బాపు నసిగిండు. "పిచ్చి డాక్టర్ దగ్గరికా? తండాల తెలిస్తే ఆడపిల్లకు..." ఖాలా ఆయన్ను పూర్తి చెయ్యనియ్యలే. "పిల్ల ఉంటే కదా అన్నా, తండా అనేది" అన్నది.

తెల్లారి దుకాణం మూసి ఆమె మాతోని వచ్చింది. దవాఖానలో పొడుగాటి బెంచీ మీద నేను, అటు బాపు, ఇటు ఆమె. బాపు చీటీ రాయించనీకి లేచిపోయినప్పుడు, ఆమె గోడ దిక్కు చూసుకుంట చెప్పింది.

"నీకంటే ముందు ఒక పిల్ల ఉండె. బచ్చన్నపేట దిక్కుది. నీ లెక్కనే రెండుసార్లు బిగించిన. మంచి సన్నగైనవే అని నవ్విన నేను. నవ్విన బేటా! సెలవులకు ఇంటికి పోయింది. మళ్ళ రాలే. ఇంక లేదని వాళ్ళ దోస్తులు చెప్పిన్రు." దుపట్టా అంచు వేలికి చుట్టుకున్నది. "కొలత చెప్తనే ఉండె. నేనే వినలే."

అప్పటి నుంచే ఆమె అందరినీ ఏం తిన్నవని అడగబట్టిందేమో. నేను అడగలే.

డాక్టరమ్మ చిన్న వయసుది. నన్ను ఒక్కదాన్నే కూసోబెట్టి చాలాసేపు విన్నది. మధ్యలో ఒక్కసారి కూడ గడియారం చూడలే. బాపును పిలిచి, "ఇది జబ్బు. బద్ధకం కాదు, నాటకం కాదు. తగ్గుతది. కాని జ్వరం లెక్క మూడు రోజులల్ల తగ్గదు" అన్నది. నిజంగనే తొందరగ తగ్గలే. గోళీలు వేసుకున్న మొదటి వారాలు ఒళ్ళంతా మత్తు. మధ్యలో, నాకు తగ్గింది ఇంక వద్దని మానేసిన, మళ్ళీ చీకట్లోకి జారిన, మళ్ళీ పోయినం. వారానికోసారి డాక్టరమ్మతోని మాట్లాడుడు. ఆ ఏడు లెక్కల పరీక్ష తప్పిన. హాస్టల్ ఇడిచి, తండా నుంచి రోజూ బస్సులో వచ్చి మరిపెడ సర్కారు కాలేజీలో చదువుకున్న. ఇంజినీరింగ్ కాలే. తర్వాత వ్యవసాయ డిప్లొమా చేసిన. ఈ ఉద్యోగం వచ్చింది. బాపు ఆర్నెల్లకు గాదు, ఇంతవరకు ఆ ప్రశ్న మళ్ళీ అడగనే లేదు.

రోజూ బస్సు దిగంగనే దుకాణం ముందు నుంచే నా దారి. ఖాలా మీద నాకు అప్పుడు ప్రేమ కంటే కోపమే ఎక్కువ ఉండేది. తిన్నది అప్పజెప్పాలె, గోళీ వేసుకున్ననని చెప్పాలె. ఒకనాడు, "నువ్వేమన్న మా యాడివా?" అని అరిచిన. "కాదు. మీ యాడి మంచిది, నేను మంచిదాన్ని గాదు. చెప్పు, ఏం తిన్నవ్?" అన్నది. నవ్వొచ్చింది. అది చూసి ఆమె కూడ నవ్వింది, నోట్లోంచి సూదులు రాలినయి, ఇద్దరం నేల మీద చేతులు తడుముకుంట ఏరుకున్నం.

పోయిన ఏడు చూసినప్పుడు ఖాలాకు చూపు బాగ తగ్గింది. అయినా మిషన్ ఇడవలే. ఒక పిల్లను అనుమానంతో రెండు గంటలు కూసోబెడితే, ఆ పిల్లకు ఏ బాధా లేదట, బస్సు పోతుందని చెప్పే ధైర్యం లేక కూసున్నదట. వాళ్ళ నాయిన వచ్చి లొల్లి చేసిండట. "పరేషాన్ చేసినవ్ కద ఖాలా ఉత్తపుణ్యానికి" అంటే, "ఉత్తగ పది మందిని కూసోబెట్టినా ఏం గాదు. బస్సు మళ్ళొస్తది" అన్నది.

నేను మరిపెడ చేరేసరికి పొద్దు వాలినప్పటి అసర్ నమాజ్ అయి, ఆమెను తీస్కపోయిన్రు. ఇంటి ముందు షామియానా. మా బాపు నాకంటే ముందే వచ్చి ఒక మూలకు నిలబడి ఉన్నడు. లోపల ఆడవాళ్ళు చాపల మీద కూసున్నరు. మా తండా నుంచి మరిపెడకు మారిన ఇద్దరు ముగ్గురు కూడ ఉన్నరు, వాళ్ళ బట్టలూ ఆమెనే కుట్టేది. ఖాలా కోడలు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. నన్ను చూసి, "మీరెవరు అక్కా? అత్తమ్మ ఎట్ల తెలుసు?" అన్నది.

తొమ్మిదేండ్లుగ ఎవరడిగినా హాస్టల్ ఎందుకు ఇడిచినవంటే కామెర్లు అయినయని చెప్పిన. బాపు కూడ తండా మొత్తానికి అదే చెప్పిండు. ఇప్పుడూ నాలుక చివర అదే ఉంది, బట్టలు కుట్టించుకునేదాన్ని అంటే సరిపోయేది. తండా ఆడవాళ్ళు నా దిక్కే చూస్తున్నరు.

"ఇంటర్ల ఉన్నప్పుడు నాకు బతకాలనిపించలేదమ్మా. ఆ రోజు మీ అత్త నన్ను దుకాణంల కూసోబెట్టుకొని లేవనియ్యలే. తెల్లారి మానుకోట దవాఖానకు తోడొచ్చింది" అన్న.

కోడలు నోరు తెరిచి నా దిక్కే చూసింది. "మాకు చెప్పలే" అన్నది మెల్లగ. "ఒక్క మాట చెప్పలే. మానుకోట పోతున్న, దారాలు తేవాలె అని పోయింది."

గడప అవతల చెప్పుల చప్పుడు వినిపించింది. మా బాపు. ఆడవాళ్ళున్న గదిలోకి రావద్దని గడప బయటే ఆగిండు. ఆయన గొంతు అంత గట్టిగ నేను ఎన్నడూ వినలే.

"నా బిడ్డనే అమ్మా గామె," అన్నడు అందరికీ వినపడేటట్టు. "కామెర్లు గాదు."